సార్‌తో కాసేపు కూర్చుంటే…

మైకు ముందు గంటసేపు విన్న ఉపన్యాసం ఇల్లు చేరేలోపు సగం మరిచిపోతాం. పెద్దమనిషి ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు మాట్లాడితే మాత్రం ఆ మాట ఏళ్ల తరబడి మనచేత పని చేయిస్తుంది. ఓరుగల్లు నుంచి గోదావరి ఒడ్డు దాకా అలా కూర్చుని మాట్లాడిన కొందరి గురించి ఈ కథనం.

భూపాలపల్లి కలెక్టరేట్ బోర్డు మీద జిల్లా పేరు పూర్తిగా రాసి ఉంటుంది: జయశంకర్ భూపాలపల్లి. బస్టాండులో, కిరాణా కొట్టులో, సింగరేణి క్వార్టర్లలో అంత పొడుగు పేరు ఎవరూ పలకరు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు ప్రొఫెసర్ కొత్తపల్లి జయశంకర్ పేరు దీనికి పెట్టారు. చిత్రమేమిటంటే, ఆయన పుట్టిన అక్కంపేట ఈ జిల్లాలో లేదు. ఆత్మకూరు మండలంలోని ఆ ఊరు ఇప్పుడు హన్మకొండ జిల్లా కిందికి వస్తుంది. బొగ్గు బావులు, కాళేశ్వరం, గణపురం కోటగుళ్లు ఉన్న జిల్లాకు, ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికిన ఒక అయ్యవారి పేరు దక్కింది.

ఏటా ఆగస్టు 6న జయంతికి, జూన్ 21న వర్ధంతికి ఆఫీసుల్లో ఫొటో బయటికి వస్తుంది. దండ వేస్తారు, నాలుగు మాటలు మాట్లాడతారు, తెలంగాణ సిద్ధాంతకర్త అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ మాట ఏం చెబుతుంది? సిద్ధాంతకర్త అనగానే ఎక్కడో ఎత్తున కూర్చున్న మనిషి కనబడతాడు. జయశంకర్ సార్ అలా ఎత్తున కూర్చున్న మనిషి కాదు. ఆయన జీవితంలో పెద్ద భాగం కూర్చుని మాట్లాడటంలోనే గడిచింది. విద్యార్థులతో, లెక్చరర్లతో, ఎన్జీవో ఉద్యోగులతో, రచయితలతో, విలేకరులతో, అన్ని పార్టీల నాయకులతో మాట్లాడారు. ఆయన చెబుతుండగా కొంపెల్లి వెంకట్ గౌడ్ అక్షరబద్ధం చేసిన జ్ఞాపకాలకు 'ఒడువని ముచ్చట' అని పేరు. ఆత్మకథ అని కూర్చుని రాసుకోకుండా ఎదుటి మనిషికి చెప్పుకుంటూ పోవడం ఆయన స్వభావానికి తగినట్టే ఉంది.

ఆ మాటల్లో ఆవేశం కన్నా అంకెలు ఎక్కువ. 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ ఏం సిఫార్సు చేసింది, 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందంలో ఏ హామీలున్నాయి, వాటిలో ఏవి గాలికి పోయాయి, 1973 ఆరు సూత్రాల పథకం, స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల స్థానంలో ఏం తెచ్చింది, స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలంటూ 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవో అమలు ఎందుకు ఆగింది… ఆ వాదనంతా ఈ దారిలో నడుస్తుంది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు ముక్కల వెనుక ఉన్నది ఈ పద్దుల పుస్తకమే.

ఒక సంగతి ఆలోచించండి. నినాదం ఇచ్చిన నాయకుడు మనచేత దాన్ని అనిపిస్తాడు. లెక్క ఇచ్చిన నాయకుడు మనల్ని సరిచూసుకోమంటాడు. అంటే ఎదుటివాడికి బుద్ధి ఉందని ముందే ఒప్పుకున్నట్టు. తన మాట తప్పైతే పట్టుకునే అవకాశం కూడా వాడి చేతికి ఇచ్చినట్టు. వినయం అంటే నమస్కారం పెట్టడమూ గొంతు తగ్గించడమూ మాత్రమే అనుకుంటాం గానీ, నాయకుడిలో వినయం ఉందో లేదో తెలిసేది ఇక్కడే. తాను లేకపోయినా వాదన నడవాలి అనుకునేవాడే లెక్క చేతికిస్తాడు.

ఉద్యమం లేని ఏళ్లలో

1952లో ముల్కీ ఉద్యమం ఓరుగల్లులో రాజుకున్నప్పుడు ఆయనకు 18 ఏళ్లు. 1969 నాటికి 35. తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టిన 2001 ఏప్రిల్‌కు 66 నిండాయి. 2009 డిసెంబర్ 9 రాత్రి కేంద్రం తెలంగాణ ప్రకటన చేసినప్పుడు 75. ఈ తేదీలన్నీ పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి. నన్ను ఆపేది తేదీల మధ్య ఖాళీ. 1973 తర్వాత, 1997లో భువనగిరి సభతో, అదే ఏడాది వరంగల్ డిక్లరేషన్‌తో మళ్లీ కదలిక వచ్చేదాకా, దాదాపు పాతికేళ్లు తెలంగాణ అన్న మాట ఎత్తితే నవ్విన రోజులు. ఊరేగింపుల్లేవు, పత్రికల్లో శీర్షికల్లేవు. ఆ ఏళ్లలో ఒక మనిషి ఉత్సాహం చావకుండా ఎట్లా నిలబడ్డాడు?

ఆ కాలంలో ఆయన చేసిన ఉద్యోగాలు చూడండి. 1975 నుంచి 1979 వరకు వరంగల్ సీకేఎం కాలేజీ ప్రిన్సిపాల్. విప్లవ కవి వరవరరావు పాఠాలు చెప్పిన కాలేజీ అది, రాడికల్ విద్యార్థి రాజకీయాలకు పెట్టింది పేరు. పైగా ఎమర్జెన్సీ రోజులు. ఆ కుర్చీలో కూర్చోవడమంటే ఒక పక్క పోలీసులతో, ఇంకో పక్క ఉడుకు నెత్తురు పిల్లలతో రోజూ మాట్లాడటమే. ఆ తర్వాత కాకతీయ యూనివర్సిటీ రిజిస్ట్రార్. 1982 నుంచి 1991 దాకా హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల సంస్థ సీఫెల్ రిజిస్ట్రార్. 1991 నుంచి 1994 దాకా కాకతీయ యూనివర్సిటీ వైస్ చాన్స్‌లర్. పెళ్లి చేసుకోలేదు. పోరాటం పండక ముందే పదవి కోసం పార్టీ గడప తొక్కలేదు, పండుతున్నప్పుడు టికెట్ అడగలేదు.

పంట లేని కాలంలో విత్తనం ఎవరింట్లో ఉందన్నదే అసలు ప్రశ్న. ఆ పాతికేళ్లూ తెలంగాణ వాదం బతికింది సభల్లో కాదు. స్టాఫ్ రూముల్లో, హన్మకొండ ఇళ్ల వరండాల్లో, ఒకరు చెబితే ఇద్దరు వినే చోట బతికింది. ఆ ఇద్దరిలో ఒకరు తర్వాత విలేకరి అయ్యారు, ఇంకొకరు ఉద్యోగ సంఘం నాయకులయ్యారు. 2001లో జెండా పైకి లేచేసరికి పట్టుకునే చేతులు అప్పటికే తయారుగా ఉన్నాయి. రాజకీయ చరిత్ర రాసేవాళ్లు ఈ వరండాలకు తక్కువ పేజీలు ఇచ్చారన్నది నా ఫిర్యాదు.

2011 జూన్ 21న సార్ పోయారు. తెలంగాణ చూడకుండానే పోయారని అప్పుడందరూ బాధపడ్డారు. మూడు నెలలు తిరక్క ముందే, సెప్టెంబర్ 13న, సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు నడిచింది. టీచర్లు బడులు మూసి వచ్చారు, ఆర్టీసీ బస్సులు డిపోల్లో ఆగాయి, సింగరేణి కార్మికులు బావుల్లోకి దిగలేదు. కొత్తగూడెం నుంచి భూపాలపల్లి దాకా బొగ్గు పెల్ల కదలకపోయేసరికి కరెంటు కోతల రూపంలో సమ్మె సెగ హైదరాబాద్‌కు తగిలింది. సమ్మెలో కూర్చున్న టీచరుకు ఎందుకు కూర్చున్నాడో ఎవరూ పక్కనుండి చెప్పాల్సిన పని పడలేదు. జీవో నంబరుతో సహా అతనే చెప్పేవాడు.

పక్క సీటు ఖాళీగా ఉంటే

సింగరేణి మాట వచ్చింది కాబట్టి ఆ కంపెనీకి పేరిచ్చిన ఊరి వైపు వెళ్దాం. 1889లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం మొదలైంది. భూపాలపల్లి గనులు ఆ వంశంలో తర్వాతి తరం అనుకోవచ్చు. ఇల్లందు అసెంబ్లీ నియోజకవర్గంలోని బయ్యారం, గార్ల మండలాలు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నాయి. ఆ నియోజకవర్గం నుంచి అయిదుసార్లు గెలిచిన కోయ నాయకుడు గుమ్మడి నర్సయ్య. 1983, 1985, 1989 ఎన్నికల్లో వరుసగా, ఆ తర్వాత 1999లో, 2004లో ఎమ్మెల్యే అయ్యారు. ఎర్రజెండా పార్టీ. సొంతూరు సింగరేణి మండలం టేకులగూడెం. అసెంబ్లీకి బస్సులో, రైల్లో వెళ్లేవారు. ఊళ్లో సైకిల్. పదవి దిగాక మళ్లీ వ్యవసాయం.

ఆయన నిరాడంబరత మీద వచ్చినన్ని వార్తలు ఈ మధ్య ఇంకెవరి మీదా వచ్చి ఉండవు. శివరాజ్‌కుమార్ కథానాయకుడిగా ఆయన జీవితం మీద సినిమా కూడా ప్రకటించారు. మంచిదే. కానీ ఈ వార్తల్లో ఎక్కువ భాగం సైకిల్ దగ్గర ఆగిపోతుంది. సైకిల్ తొక్కితే గొప్పవాడు, చెప్పులు అరిగితే మహానుభావుడు అన్న ధోరణి నాకు రుచించదు. పేదరికాన్ని ప్రదర్శనకు పెట్టే నాయకులు కూడా మనకు తెలుసు. నర్సయ్య బస్సు ప్రయాణంలో అసలు విషయం డబ్బు మిగలడం కాదు. బస్సులో పోయే ఎమ్మెల్యేను కలవడానికి అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, పక్క సీటు ఖాళీగా ఉంటే చాలు. పోడు భూమి పట్టా సంగతో, బిడ్డ హాస్టల్ సీటు సంగతో ఎత్తడానికి దండం పెట్టి నిలబడాల్సిన పని లేదు.

తునికాకు రేటు దగ్గర్నుంచి పోడు దాకా అడవి మనుషుల సమస్యలు అసెంబ్లీలో వినపడాలంటే వాటిని ముందు ఎవరో ఒకరు తీరిగ్గా వినాలి. కారులో అద్దం ఎత్తుకుని పోయేవారికి అవి కాగితం మీద రెండు వాక్యాల అర్జీగా చేరతాయి. పక్క సీటులోని మనిషికి మొత్తం కథగా చేరతాయి. ఎవరి పేరు మీద పట్టా ఉంది, ఎప్పుడు ఫారెస్టు వాళ్లు ట్రెంచి కొట్టారు, దానివల్ల ఏ కుటుంబం వలస పోయింది… ఈ కథ విన్న మనిషి అసెంబ్లీలో లేచి నిలబడితే మాటకు బరువు ఉంటుంది.

2025 ఫిబ్రవరిలో ఇదే నర్సయ్య ముఖ్యమంత్రిని కలవడానికి వెళ్లి గేటు బయట వేచి ఉన్న వీడియో ఊరూరా తిరిగింది. ఆ తర్వాత కలిశారు, సమస్యలు చెప్పుకున్నారు. గేటు ముందు నిలబడ్డప్పుడూ తన సొంత పనేమీ లేదాయనకు.

వినయం అంటే మెత్తదనం అని పొరబడే వాళ్ల కోసం ఇక్కడ కాళోజీని తలుచుకోవాలి. 1914 సెప్టెంబర్ 9న పుట్టి, మడికొండలో పెరిగి, హన్మకొండలో స్థిరపడిన కాళోజీ నారాయణరావు మెత్తటి మనిషేమీ కాదు. కవితా సంపుటికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నాయన. 1978లో, ఎమర్జెన్సీ అకృత్యాలకు నిరసనగా, అప్పటిదాకా ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు మీద సత్తుపల్లికి వెళ్లి పోటీ చేశారు. ఓడిపోతానని తెలియక కాదు. 1992లో పద్మవిభూషణ్ వచ్చింది. అది రాకముందూ వచ్చాకా పలకరింపులో తేడా లేదు. పోయాక దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. పెద్దవాళ్ల ముందు గట్టిగా, చిన్నవాళ్ల ముందు తగ్గి మాట్లాడటం ఆయన పద్ధతి. మనలో చాలామంది దానికి సరిగ్గా తిరగేసి బతుకుతాం.

మాట తెగిన అడవి

ఇదంతా పెద్దమనుషుల మంచితనం గురించిన తీపి కథ అనుకుంటే పొరపాటు. మాట నడవకపోతే ఏమవుతుందో భూపాలపల్లి జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాటారం, మహాముత్తారం, పలిమెల, మహదేవపూర్ అడవుల్లో రెండు మూడు దశాబ్దాల పాటు ఊరిమధ్య మాట్లాడాలంటేనే బుగులు. పొద్దున పోలీసులు వచ్చి అన్నలకు (నక్సలైట్లకు) అన్నం ఎవరు పెట్టారని అడిగేవారు. రాత్రి అన్నలు వచ్చి పోలీసులతో ఎవరు మాట్లాడారని అడిగేవారు. మధ్యలో నోరు మూసుకున్నవాడే బతికాడు.

కాటారం మండలం ధన్వాడకు చెందిన దుద్దిళ్ల శ్రీపాదరావు 1991 నుంచి 1994 వరకు ఉమ్మడి రాష్ట్ర శాసనసభ స్పీకర్. మెతక మనిషి, అందరితో కలిసిపోయే నాయకుడు అని ప్రత్యర్థులూ ఒప్పుకునేవారు. 1999 ఏప్రిల్ 13న మహదేవపూర్ వైపు అన్నారం అడవిలో నక్సలైట్లు ఆయన్ను కాల్చి చంపారు. ప్రజలను కలుస్తూ ఊళ్లు తిరిగే నాయకుడికి ఆ అలవాటే ప్రాణం మీదికి తెచ్చింది. అడవి పల్లెలకు నాయకుల రాక తగ్గిందంటే, వచ్చినా తుపాకుల మధ్య వచ్చారంటే, దానికి ఇలాంటి చావుల పాత్ర ఉంది. అవతలి పక్క ఎన్‌కౌంటర్లలో రాలిపోయిన పల్లె పిల్లల తల్లుల దుఃఖమూ తక్కువది కాదు.

ఈ రెండు తుపాకుల మధ్య కూర్చుని మాట్లాడదాం అన్న మనిషి ఎస్.ఆర్. శంకరన్. జయశంకర్ సార్ పుట్టిన 1934లోనే, రెండున్నర నెలల తేడాతో, తంజావూరు ప్రాంతంలో పుట్టిన ఐఏఎస్. ఈయనా పెళ్లి చేసుకోలేదు. జీతంలో ఎక్కువ భాగం పేద పిల్లల చదువులకే పోయేది. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976లో వస్తే, దాన్ని కాగితం మీద నుంచి దింపి ఊళ్లకు నడిపించిన అధికారి. వెట్టివాడి గుడిసె ముందు కూర్చుని మాట్లాడితే తప్ప వాడు వెట్టివాడని ప్రభుత్వానికి తెలియదు. ఎందుకంటే దొర రాయించిన రికార్డులో వాడు ఇష్టపడి పనిచేసే పాలేరు.

1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు శంకరన్‌ను, మరికొందరు అధికారులను బందీలుగా పట్టుకున్నారు. జైల్లో ఉన్న తమవాళ్లను ప్రభుత్వం వదిలాక విడిచిపెట్టారు. అలాంటి అనుభవం తర్వాత మామూలు మనిషి ఆ దారి మొహం చూడడు. శంకరన్ పదవీ విరమణ చేశాక, 1997 నుంచి, పౌరస్పందన వేదికను నడిపారు. కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు, హరగోపాల్ వంటి వారితో కలిసి ఏళ్ల తరబడి ఇటు ప్రభుత్వానికి, అటు నక్సలైట్ పార్టీకి ఉత్తరాలు రాస్తూ, ఇద్దరినీ తప్పుపడుతూ, ఇద్దరిచేతా తిట్లు తింటూ, 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఇద్దరినీ ఒక బల్ల ముందుకు తెచ్చారు. చర్చలు నిలవలేదు. కొద్ది నెలల్లోనే మళ్లీ కాల్పులు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే శంకరన్ వద్దన్నారు.

విఫలమైన చర్చల గురించి ప్రేరణ కథనంలో ఎందుకు అని అడగవచ్చు. ఆయన దగ్గర పనిచేసిన, ఆయనతో మాట్లాడిన అధికారులు ఎందరో ఆ తర్వాత హాస్టళ్ల కోసం, దళిత ఆదివాసీ భూముల కోసం నిలబడ్డారు. 'శంకరన్ గారి మనిషి' అనిపించుకోవడం ఆంధ్రప్రదేశ్ ఐఏఎస్‌లో ఒక తరానికి గౌరవం. చర్చలు ఓడాయి గానీ ఆ పరంపర ఓడలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1951 ఏప్రిల్ 18. పోచంపల్లి. అప్పటి నల్లగొండ జిల్లా. జనగామ తాలూకా కూడా ఆ రోజుల్లో నల్లగొండలోనే ఉండేది. ఆ తాలూకాలోని కడవెండిలో, దొరల మీద తిరగబడ్డ దొడ్డి కొమరయ్య నేలకొరిగి అయిదేళ్లవుతోంది. తెలంగాణ సాయుధ పోరాటం, సైన్యం దాడులు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆ వేడిలో గాంధేయవాది వినోబా భావే నడుచుకుంటూ వచ్చాడు. రాకముందు హైదరాబాద్ జైల్లో కమ్యూనిస్టు ఖైదీలతో మాట్లాడి వచ్చాడు. పోచంపల్లి హరిజనవాడలో కూర్చుని మీకేం కావాలని అడిగాడు. 80 ఎకరాలు ఉంటే బతుకుతామన్నారు. ఆయన దగ్గర ఎకరం లేదు, ఇస్తానని హామీ ఇచ్చే పదవీ లేదు. అక్కడున్న ఊరివాళ్లనే అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నాడు. వాళ్లడిగిన దానికన్నా 20 ఎకరాలు ఎక్కువ.

అక్కడ పుట్టిన భూదానోద్యమం తర్వాతి కథ అంత ముచ్చటగా లేదు. దానమిచ్చిన భూముల్లో రాళ్లూ రప్పలూ ఎన్నో, కోర్టు కేసుల్లో చిక్కుకున్నవి ఎన్నో. ఒక్క మాటకు మనిషి కరుగుతాడు గానీ, ఆ కరిగిన క్షణాన్ని పట్టాగా, హద్దురాయిగా మార్చే యంత్రాంగం లేకపోతే అది అక్కడే ఎండిపోతుంది. వినోబాకు మనుషులతో మాట్లాడటం తెలుసు. ఆ తర్వాతి పనిని చూసే కమిటీలు ఆయన మాటంత బలంగా లేవు.

ఆ లోటు పూడ్చిన ఊరు మన పక్కనే ఉంది. వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లి. సర్పంచ్ కూసం రాజమౌళి నాయకత్వంలో ఆ ఊరు ప్రతి పనికీ ఒక కమిటీ వేసుకుంది. నీళ్లకు ఒకటి, పారిశుద్ధ్యానికి ఒకటి, మద్యం మానడానికి ఒకటి, కేబుల్ టీవీకి కూడా ఒకటి. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. ఇతర రాష్ట్రాల నుంచి బస్సుల్లో వచ్చి చూసిపోయేవారు. చూడటానికి వచ్చినవాళ్లకు సిమెంటు రోడ్లు, నల్లాలు కనబడతాయి. కనబడనిది కమిటీ రాత్రిళ్లు కూర్చుని వాదించుకున్న గంటలు. సర్పంచ్ తీర్పు చెప్పేస్తే పది నిమిషాల్లో అయ్యే పనిని ఊరిచేత మాట్లాడించి మూడు రాత్రుల్లో చేయించడం అంటే, తన అధికారాన్ని తానే కొంచెం కొంచెం పంచిపెట్టడం. అందుకు చాలామంది నాయకులు ఒప్పుకోరు.

అమెరికాలో ఎంఐటీ ఆచార్యుడు ఎడ్గర్ షైన్ 2013లో 'హంబుల్ ఎంక్వయిరీ' అని చిన్న పుస్తకం రాశాడు. కంపెనీలు, ఆస్పత్రులు, సైన్యాల్లో పైవాళ్లు చెప్పడమే తప్ప అడగరని, తనకు జవాబు తెలియని ప్రశ్నను నిజంగా అడగడమే నాయకుడు నేర్వాల్సిన విద్య అని ఆయన వాదన. ఆపరేషన్ థియేటర్లో నర్సు కనిపెట్టిన తప్పును పెద్ద డాక్టరుకు చెప్పగలిగితేనే రోగి బతుకుతాడు. బావిలో కప్పు శబ్దం విని ప్రమాదం పసిగట్టే టింబర్‌మన్ కూడా ఓవర్‌మన్‌కు భయపడకుండా చెప్పగలగాలి. భూపాలపల్లిలో ఈ సంగతి ఏ ఆచార్యుడూ చెప్పనక్కర్లేదు. బావి దిగేవాళ్ల ఇళ్లన్నిటికీ తెలుసు.

ఆస్పత్రి మంచం

భూపాలపల్లి జిల్లా మొదటి కలెక్టర్ ఆకునూరి మురళి. సర్కారు ఆస్పత్రికి రండి అని ఊరూరా చెప్పడం ఏ కలెక్టరైనా చేసేదే. 2017లో ఆయన కూతురి కాన్పు ములుగు ప్రభుత్వ ఆస్పత్రిలో జరిగింది. ములుగు అప్పటికి ఈ జిల్లాలోనే ఉంది, 2019 ఫిబ్రవరిలో విడిపోయింది. అయిదేళ్లకు, 2022 మేలో, భూపాలపల్లి కలెక్టర్ భవేష్ మిశ్రా భార్య, అప్పటి ములుగు అదనపు కలెక్టర్ ఇలా త్రిపాఠి భూపాలపల్లి ప్రభుత్వ ఆస్పత్రిలోనే ప్రసవించారు. ఇద్దరి సంగతీ పత్రికల్లో వచ్చింది. ఆ తర్వాత గర్భిణి ఇంటికి పోయే ఆశా కార్యకర్త పని ఎంత తేలికైందో ఊహించుకోండి. "సర్కారు దవాఖానల ఎట్లుంటదో ఏమో" అన్న అత్తగారికి ఆమె దగ్గర ఇప్పుడు ఒక జవాబుంది. పైవాళ్లు చేసిన పని కిందివాళ్ల నోటికి మాటను అందిస్తుంది. మురళి 2019లో స్వచ్ఛంద విరమణ తీసుకుని సర్కారు బడుల గురించి ఊళ్లు తిరుగుతూ మాట్లాడారు. 2024లో తెలంగాణ విద్యా కమిషన్ చైర్మన్ అయ్యారు.

ఫోన్ పక్కన పెట్టి

ఇప్పుడు భూపాలపల్లిలో, జనగామలో, మానుకోటలో ఇరవై ఏళ్ల పిల్లలకు ప్రేరణకు కొదవ లేదు. ఫోన్ తెరిస్తే చాలు, కోటు వేసుకున్న ఒకాయన పొద్దున్నే నాలుగింటికి లేవమంటాడు. ఆ మాటల్లో తప్పులేదు. కానీ ఆయనకు మన ఊరు తెలియదు. గ్రూప్స్‌కు మూడోసారి రాస్తున్న అమ్మాయి ఇంట్లో పెళ్లి ఒత్తిడి ఎంతో తెలియదు. తండ్రి బావిలో పని చేసి అన్‌ఫిట్ అయితే వచ్చే కారుణ్య నియామకం కోసం చూడాలా, చదువు సాగించాలా అన్న మీమాంస తెలియదు. చేల్పూరు పవర్ ప్లాంటులో కాంట్రాక్టు పని దొరికితే వెళ్లాలా వద్దా అన్నది తెలియదు. ఎదురు ప్రశ్న వేయడానికి ఆ వీడియోలో చోటు లేదు.

ఎదురు ప్రశ్నకు చోటిచ్చే మనుషులు మన దగ్గర ఉన్నారు, మనం పోవడమే తక్కువ. ముప్పై ఏళ్లు బావిలో పనిచేసి దిగిపోయిన యూనియన్ కార్యకర్త ఉంటాడు. సమ్మెల్లో జీతం కోతపడ్డప్పుడు ఇల్లెట్లా నడిచిందో ఆయన భార్య చెప్పగలదు. రిటైరైన తెలుగు పంతులు ఉంటారు, ఆయన దగ్గర చదివినవాళ్లలో తహసీల్దారూ ఉంటాడు, తాపీ మేస్త్రీ ఉంటాడు, ఇద్దరి పేర్లూ ఆయనకు గుర్తే. లంబాడీ తండా కొత్తగా పంచాయతీ అయ్యాక మొదటిసారి సర్పంచ్ అయిన ఆడమనిషి ఉంటుంది, ఎంపీడీవో ఆఫీసులో కుర్చీ అడిగి కూర్చోవడానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో అడిగితే చెబుతుంది. వీళ్లెవరికీ పీఏలు లేరు.

అయితే పోయే పద్ధతి ఒకటుంది. సెల్ఫీ కోసం పోతే సెల్ఫీ దొరుకుతుంది. "ఆశీర్వదించండి సార్" అని పోతే ఆశీర్వాదం దొరుకుతుంది, టీ కూడా దొరకవచ్చు. ఏదో ఒక పని మధ్యలో ఇరుక్కుని, దాని గురించి పోయి అడిగితే ముచ్చట దొరుకుతుంది. జీవితంలో గెలవడం ఎట్లా అని అడిగితే ఏ పెద్దమనిషైనా నీళ్లు నములుతాడు. మా ఊరి గ్రంథాలయం తాళం తీయించడానికి ఎవరిని కలవాలి, ఆర్టీఐ దరఖాస్తు ఎట్లా రాయాలి, రెండుసార్లు ఫెయిలైన అర్థశాస్త్రం పేపర్ ఎక్కడి నుంచి మొదలు పెట్టాలి అని అడిగితే కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు. జవాబు చెప్పి, మళ్లీ వచ్చి ఏమైందో చెప్పు అంటాడు. ఆ చివరి మాట అనని పెద్దమనిషి దగ్గరికి రెండోసారి పోవాల్సిన పనిలేదు.

జిల్లా యంత్రాంగానికి, ఉద్యమ సంఘాలకు ఒక విన్నపం కూడా ఉంది. ఆగస్టు 6న ఫొటోకు దండ వేయడంతో పాటు ఒక పని చేయవచ్చు. జయశంకర్ సార్ దగ్గర సీకేఎం కాలేజీలో చదువుకున్నవాళ్లు, కాకతీయ యూనివర్సిటీలో ఆయనతో పనిచేసినవాళ్లు ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉన్నారు. వాళ్లను ఒక్కొక్కరిని భూపాలపల్లి డిగ్రీ కాలేజీకి పిలిచి, వేదిక మీద కాకుండా తరగతి గదిలో కూర్చోబెట్టి, పిల్లలచేత ప్రశ్నలు అడిగించి, ఆ మాటలు రికార్డు చేసి పెట్టవచ్చు. మైకు అక్కర్లేదు, శాలువా అక్కర్లేదు. పిలవడానికి ఎవరూ ముందుకు రాకపోతే పిల్లలే పోవచ్చు. ఆ పెద్దవాళ్లలో చాలామంది హన్మకొండలోనే ఉంటారు, పరకాల మీదుగా బస్సెక్కితే పూట ప్రయాణం కూడా కాదు.